చెమట ఆరని ఎండ

అమ్మలూ, నువ్వడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. కిందటి ఆగస్టులో ఒక్కదానివే వీపుకి సంచి తగిలించుకుని సిసిలీ, మాల్టా, సైప్రస్ తిరిగొచ్చావు. ఏసీ లేని చవక బసల్లో, ఒక గదిలో ఆరేడుగురితో సర్దుకుని పడుకున్నావు. నికోసియాలో నలభై డిగ్రీల ఎండలో పాత కోటగోడ వెంట నడిచానన్నావు. మరి ఏలూరులో ముప్పై ఆరు డిగ్రీలకే, కుర్చీలోంచి కదలకపోయినా జాకెట్టు తడిసి ముద్దయిపోతోందేం తాతయ్యా అన్నావు. పైగా ఈ మే నెల్లోనే కొల్లేటి లంకలన్నీ పల్లెవెలుగు బస్సుల్లో ఒంటరిగా చుట్టొస్తానంటున్నావు. వెళ్ళమ్మా, నేను వద్దనను. ఈ ఎండ ఎలా పని చేస్తుందో తెలుసుకుని మరీ వెళ్ళు.

మనం ఊరికే కూర్చున్నా ఒళ్ళు వంద వాట్ల వేడిని పుట్టిస్తుంది. సంచి మోస్తూ నడిస్తే అది మూడొందలకి వెళుతుంది. ఈ వేడి బయటికి పోవాలి. గాలి చల్లగా ఉంటే దానంతటదే పోతుంది. చర్మం వేడి సుమారు ముప్పై అయిదు డిగ్రీలు. గాలి అంతకంటే వేడెక్కిందా, ఇక వేడి బయటికి పోవడం మాట అటుంచి లోపలికి రావడం మొదలెడుతుంది. అప్పుడు ఒంటికి మిగిలే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే 580 కిలో కేలరీల వేడిని ఎత్తుకుపోతుంది. నువ్వు గంటసేపు నడిస్తే పుట్టే వేడి పోవడానికి అర లీటరుకి కాస్త తక్కువ చెమట చాలు. కానీ అది ఒంటి మీదే ఆరాలి. కారి నేలమీద పడ్డ చెమట వల్ల ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రవ్వంత కూడా దక్కదు.

ఎందుకు ఆరదో చూద్దాం. తడి చర్మాన్ని అంటుకుని ఉండే పల్చటి గాలిపొరలో, ఘనపు మీటరుకి లెక్కేస్తే నలభై గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. నికోసియాలో నలభై డిగ్రీల మధ్యాహ్నం తేమ ఇరవై శాతం అనుకో. ఆ గాలిలో ఉన్న ఆవిరి పది గ్రాములే. ఏలూరులో ముప్పై ఆరు డిగ్రీలు, తేమ అరవై అయిదు శాతం అనుకో. ఇక్కడి గాలిలో ఇరవై ఏడు గ్రాములుంటుంది. అక్కడ నలభైకీ పదికీ ముప్పై గ్రాముల తేడా, ఇక్కడ పదమూడే. ఈ తేడాయే చెమటని లాగేది. అందుకే అక్కడ నీకు చెమట పట్టినట్టే తెలియలేదు, పట్టింది పట్టినట్టు ఆరిపోయింది. ఇక్కడ గడ్డం కింద నుంచి ధారకట్టి కారింది.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. ఒకలాంటి థర్మామీటర్లు రెండు తెచ్చుకో, జ్వరం చూసేవి కాదు, గోడకి తగిలించేవి. ఒకదాని బుడ్డికి పల్చటి నూలుగుడ్డ చుట్టి నీళ్ళతో తడుపు. రెండింటినీ నీడలో ఫ్యాను గాలికి పెట్టి పది నిమిషాలాగు. తడిగుడ్డ ఉన్నది కిందికి దిగి ఒకచోట ఆగుతుంది. నీ నికోసియా మధ్యాహ్నానికి అది ఇరవై మూడు దగ్గర ఆగుతుంది, మన ఏలూరు మధ్యాహ్నానికి ముప్పై దగ్గర. ఒంటికి అసలు సంగతి చెప్పేది తడిగుడ్డ థర్మామీటరు చూపే ఈ రెండో అంకె. అది ముప్పై అయిదుకి చేరితే ఎంత గట్టి మనిషైనా, నీడలో కూర్చుని ఎన్ని నీళ్ళు తాగినా గంటల తరబడి తట్టుకోలేడని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ మీద పరీక్షించి 2022లో చెప్పిందేమిటంటే, తేమ ఉన్న వేడిలో ముప్పై ఒకటి దగ్గరే ఒళ్ళు వేడిని అదుపులో పెట్టుకోలేక చేతులెత్తేస్తుందట. మన ముప్పై దానికెంత దగ్గరో చూశావా? వార్తల్లో ఎంతసేపూ పొడి థర్మామీటరు చూపే మొదటి అంకే చెబుతారు. రెండోది కూడా రోజూ చెబితే ఎంతమందికి మేలు జరుగుతుందో.

మీ అమ్మమ్మకి థర్మామీటర్లతో పని లేదు, మట్టికుండ ఉంది. కుండ గోడలోంచి ఊరే నీరు ఆరితేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. కుండలో నీళ్ళు జిల్లుమన్న రోజు నీ చెమటా ఆరుతుంది. ఇవాళ కుండ నీళ్ళు చప్పగా ఉన్నాయేమిటని ఆవిడ అన్నరోజున జాగ్రత్తగా ఉండు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నికోసియాలోలాంటి పొడి ఎండ మనకి లేదనుకోకు. మే నెల్లో మన ప్రాంతానికి రెండు గాలులు పోటీ పడతాయి. ఒకటి పడమటి గాలి, తెలంగాణ పీఠభూమి మీదుగా కాలికాలి వచ్చేది. అది గెలిచిన రోజు ఏలూరులో నలభై నాలుగు, నలభై అయిదు కూడా చూస్తాం. నలభై అయిదుకి తేమ పదిహేను శాతం ఉంటే తడి థర్మామీటరు ఇరవై నాలుగే చూపిస్తుంది. రెండోది బంగాళాఖాతం మీంచి వచ్చే గాలి. అది సాయంత్రానికి ఊళ్ళోకి చేరితే ఎండ అంకె ఏడెనిమిది డిగ్రీలు పడిపోతుంది, అమ్మయ్య అనుకుంటాం, గాలి ఆగిన మరుక్షణం ఉక్కపోత మొదలవుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే రోజున, పూటకో రకం ఎండ.

వీటికి చేసుకోవాల్సిన ఉపాయాలు కూడా వేరే. వడగాలిలో ఒళ్ళంతా కప్పుకోవాలి, తల చుట్టూ తడి తువ్వాలు కట్టుకుంటే నిజంగా పని చేస్తుంది. నలభై దాటిన పొడి గాలిలో ఫ్యానొక్కటే పెట్టుకుని కూర్చుంటే అది వేడిని ఒంటికి చేర్చడమే అవుతుంది, ఒంటి మీద తడి కూడా ఉండాలి. ఉక్కపోతలో తడి తువ్వాలు దండగ, గాలే కావాలి. వదులు నూలుబట్టలు, ఫ్యాను, బస్సులో కిటికీ పక్క సీటు. పొడి ఎండలో ఇంకో మోసం ఉంది. చెమట కనపడదు కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. 2015 మే చివర్లో వడగాడ్పులకి ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి దాదాపు రెండు వేలమంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో కూలిపనికి వెళ్ళక తప్పనివాళ్ళు, ముసలివాళ్ళు. తడి అంకె తక్కువని పొడి ఎండని తేలిగ్గా తీసుకోవద్దని అందుకే చెబుతున్నాను.

సిసిలీ వాళ్ళకీ వడగాలి ఉందమ్మా. సహారా ఎడారి నుంచి సముద్రం దాటి వస్తుంది, సిరోకో అంటారు. ద్వీపం మధ్యలోని కొండలెక్కి దిగేసరికి ఇంకా వేడెక్కి, ఇంకా పొడిబారి ఉత్తరపు ఒడ్డున ఉన్న పలెర్మో మీద పడుతుంది. పాతకాలపు ధనవంతులు ఆ గాలి వీచే రోజుల కోసమని అక్కడ నేల కింద రాతిలో గదులు తొలిపించుకున్నారు. 2021 ఆగస్టు 11న సిరక్యూస్ దగ్గర 48.8 డిగ్రీలు నమోదైంది. ఐరోపా ఖండం మొత్తానికి అదే రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది.

అయితే ఆ ఊళ్ళల్లో నీకు ఉచితంగా దొరికింది, మే నెల్లో మన ఊళ్ళో దొరకనిది ఒకటుంది. మిట్టమధ్యాహ్నపు గోడనీడ. పలెర్మో 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏనాడూ అక్కడ నడినెత్తికి రాడు. ఆగస్టు నడిమికి మధ్యాహ్నం కూడా దక్షిణానికి ఒరిగే ఉంటాడు, పది మీటర్ల గోడకి నాలుగు మీటర్లు దాటి నీడ పడుతుంది. ఇరుకు సందయితే చాలు, ఒక పక్కంతా నీడే. ఏలూరు ఉన్నది 16.7 డిగ్రీల మీద. మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. నీ నీడ నీ పాదాల కిందే ముడుచుకుంటుంది. ఎంత ఎత్తు గోడైనా జానెడు నీడ ఇవ్వదు. అందుకే మన పాతిళ్ళకి వీధరుగులు, వాటి మీదికి వంగిన చూరులు. మనకి నీడ పక్కనుంచి కాదు, పైనుంచి రావాలి. చెట్టు, చూరు, గొడుగు. రోడ్డు పక్కన ఒక్క చింతచెట్టు కొట్టేసినా నా ప్రాణం ఉసూరుమంటుంది, ఆ నీడకి బదులు నిలబెట్టగలిగింది ఇంకోటి లేదు.

ఇక నీ దారి చెబుతా. తాడేపల్లిగూడెంలో దిగి మీ పిన్ని దగ్గర ఒక పూట ఉంటావు కదా. అక్కడి ఉల్లిపాయల మార్కెట్ చూసి రా, చూడదగ్గదే. ఎవరో ఒకరు ఒక ఉల్లిపాయ నీ సంచిలో వేసి, దగ్గరుంటే వడదెబ్బ తగలదంటారు. తీసుకో, కాదని పెద్దవాళ్ళని నొప్పించకు. కానీ సంచిలో ఉన్న ఉల్లి ఒంట్లో వేడిని ఒక్క కేలరీ కూడా తగ్గించదు. తరిగి ఉప్పు వేసిన మజ్జిగలో కలుపుకుని తాగు, అప్పుడు మజ్జిగా ఉప్పూ పని చేస్తాయి.

అక్కణ్ణించి రైల్లో ఏలూరు, ఏలూరు నుంచి బస్సులో కైకలూరు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగులో టికెట్టు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు మర్చిపోకు. కొల్లేరుకి బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా పరుచుకున్న లోతులేని మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యం అయింది, 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఒకప్పుడు తాటిదోనెల మీద తప్ప వెళ్ళలేని లంకలకి ఇప్పుడు రోడ్లు పడ్డాయి. చుట్టూ చేపల చెరువులు, వరిచేలు, నీళ్ళే నీళ్ళు. ఎండ వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది కాబట్టి థర్మామీటరు ఏలూరు కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యపోకు. ఆ ఆవిరి అంతా నీ చుట్టూ గాలిలోనే ఉంటుంది. చెరువు గట్ల మీద నీడ కూడా దొరకదు. అంకె చూసి మోసపోయే చోటు అదే.

కైకలూరు పక్కనే ఆటపాక. గూడబాతుల్ని వేలల్లో చూడాలంటే చలికాలంలో రావాలిగానీ, మే నెల్లో నాలుగైదు కనపడినా ఒకదాన్ని నిలబడి గమనించు. పక్షులకి చెమట పట్టదు. గూడబాతు నోరు తెరిచి, ముక్కు కింద వేలాడే సంచిని గబగబా వణికిస్తుంది. సంచి లోపలి తడి ఆవిరై నెత్తురు చల్లబడుతుంది. కొంగ జాతుల్లో కొన్నయితే తమ కాళ్ళ మీదే పల్చగా రెట్ట వేసుకుంటాయి, అదీ చల్లదనానికే. నవ్వకు, అదీ నీ చెమట చేసే పనే. గేదెకి చెమట గ్రంథులు తక్కువ, ఒళ్ళు నలుపు, అందుకే మెడ దాకా నీళ్ళలో దిగి కూర్చుంటుంది.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతరప్పుడు జనం ఇసకేస్తే రాలదు. మేలో తెరిపిగా ఉంటుంది. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, పదింటికల్లా ఏదో ఒక కప్పు కిందికి చేరుకో. నాలుగు దాటాక మళ్ళీ కదులు. దారి పొడుగునా చలివేంద్రాలుంటాయి, సీసా నింపుకుంటూ పో. కొబ్బరిబోండాం, తాటిముంజలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ బాగా చెమట కారిన రోజున వట్టి నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగకు, ఒంట్లో ఉప్పు పల్చబడి తల తిరుగుతుంది. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టిన చెంచాలే. పేగులో ఉప్పుని పంచదార వెంటబెట్టుకుని లోపలికి లాగుతుంది, నీళ్ళు ఆ వెనకే వెళతాయి.

రాత్రికి లంకలో ఉండిపోవద్దు, ఏలూరు వచ్చెయ్. పొడి ప్రాంతాల్లో పొద్దు గూకగానే నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. తేమ ఉన్న చోట ఆ వేడిని గాలిలోని ఆవిరి పట్టుకుని కొంత మళ్ళీ కిందికే పంపుతుంది. తెల్లవారేదాకా ముప్పై దిగకపోవచ్చు. పగలు అలిసిన ఒళ్ళు రాత్రి చల్లబడకపోతే మర్నాటి ఎండకి సగం శక్తితోనే నిలబడాలి.

ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే, చెమట పట్టినా పట్టకపోయినా అది వడదెబ్బే అనుకో. నీడకి చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరాలి, 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఆ థర్మామీటర్లు రెండూ సంచిలో పెట్టుకో తల్లీ, బరువేం ఉండవు. ఫ్యాను లేని చోట విసనకర్రతో విసురు. తడిది ఇరవై ఎనిమిది దాటితే ఎండలో నడక మానెయ్. ముప్పై దగ్గరికొస్తే ఆ పూట ప్రయాణమే మానేసి, ఫ్యాను కింద కూర్చుని నాకు ఫోన్ చెయ్.