అమ్మ చీర... అమ్మాయి కుర్తా!

"పాత బట్టలకి స్టీలు సామాన్లూ..." అన్న కేక మధ్యాహ్నం పూట వినబడిందంటే చాలు, ఒకప్పుడు మా వీధిలో నాలుగైదు తలుపులు ఒక్కసారే తెరుచుకునేవి. గిన్నె చూపించి బట్టలు అడిగేవాడు. బట్టలు చూశాక గిన్నె చిన్నదైపోయేది. "ఇంకో చీర వెయ్యమ్మా, మూత కూడా ఇస్తా" అనేవాడు. ఆ మూత కోసం నేను బీరువా అడుగు అరలోంచి తీసి వేసిన చీర మా అమ్మది. వెంకటగిరి నేత. గంధం రంగు, సన్నటి జరీ అంచు, పట్టుకుంటే చేతిలో ఉన్నట్టే తెలియని మెత్తదనం. అంచు దగ్గర రెండుచోట్ల చిరిగింది, అంతే. ఆ డబ్బాలో ఇప్పటికీ కందిపప్పు పోసుకుంటున్నాను.

క్రిందటి వేసవిలో మా అమ్మాయికి కాలేజీ బట్టలు కొనడానికి వెళ్ళాం. అచ్చం ఆ గంధం రంగులోనే, అలాంటి మెత్తటి చేనేత కుర్తా ఒకటి చూసి మనసుపడింది. ధర చీటీ తిప్పి చూసి, మాట్లాడకుండా మళ్ళీ హ్యాంగరుకే తగిలించేసింది. నెలాఖరు. ఇంట్లో పరిస్థితి దానికీ తెలుసు. ఇంటికొచ్చి కందిపప్పు డబ్బా మూత తీస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. రెండున్నర మీటర్ల బట్ట కోసం ఇంత ధర అడుగుతున్నారు, నేను ఐదున్నర మీటర్లు ఒక మూతకి ఇచ్చేశాను!

ఎండల్లో ఒంటికి హాయిగా ఉండేది ఏమిటి? నూలు. అందులోనూ బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు. చెమట పీలుస్తుంది, గాలి ఆడనిస్తుంది. కొత్త బట్టకి ఆ మెత్తదనం రావాలంటే ఓ రెండేళ్ళయినా పడుతుంది. మన బీరువాల్లో అది ఊరికే పడి ఉంది. కాకపోతే పాత బట్ట మీద కత్తెర వెయ్యడం కొత్త బట్ట మీద వేసినట్టు కాదు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ చివికిందో తెలుసుకోకుండా కత్తిరిస్తే పడిన శ్రమంతా మొదటి ఉతుక్కే పిగిలిపోతుంది.

ముందు దండెం మీద వెయ్యండి

చీరని పగటి వెలుతురులో దండెం మీద పరిచి, వెనక నుంచి ఎండ పడేలా చూడండి. పల్చబడిన చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. అనుమానం ఉన్నచోట బట్టని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. దారాలు పక్కకి జరిగి సందు ఇస్తే ఆ భాగం పనికిరాదు. అక్కడే రంగుదారంతో ఒక కుట్టు వేసి గుర్తు పెట్టుకోండి. సుద్దముక్క గుర్తు చెరిగిపోతుంది.

చీర అంతా ఒక్కలాగా పాడవదు. మడమల దగ్గర నేలకి రాసుకునే అడుగు అంచు, కూర్చునే చోటు, భుజం మీద పిన్ను పెట్టుకునే చోటు ముందు పోతాయి. లోపలికి మొదట చుట్టుకునే చెంగు మాత్రం ఎన్నేళ్ళయినా కొత్తదానిలా ఉంటుంది. ఎండ తగలదు, ఒరిపిడి ఉండదు. అలాగే నడుం దగ్గర లోపలికి దోపుకునే పై అంచు కూడా. అడుగు అంచు చీలికలైపోయిన చీరకి పై అంచు మెరుస్తూ ఉండటం మీరూ చూసే ఉంటారు.

ఇందులోనే ఒక చిక్కుంది. లోపలి చెంగు రంగు నిలిచి ఉంటుంది, పైకి కనిపించే భాగం వెలిసి ఉంటుంది. కుర్తా ముందుభాగం ఒక కొస నుంచి, వెనకభాగం ఇంకో కొస నుంచి తీశారంటే రెండు చీరలు కలిపి కుట్టినట్టు ఉంటుంది. ముందూ వెనకా పక్కపక్క ముక్కల్లోంచే తియ్యండి. ముదురు రంగులో ఉన్న లోపలి చెంగుని చేతులకీ, మెడ పట్టీకీ వాడితే కావాలని పెట్టిన డిజైనులా కలిసిపోతుంది.

ఐదున్నర మీటర్లలో ఏమేం వస్తాయి?

మామూలు ఒడ్డూ పొడవూ ఉన్న అమ్మాయికి చేతులతో సహా కుర్తాకి రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు చాలు. చున్నీకి ఇంకో రెండుంబావు. చున్నీకి చీర పన్నా అంతా అక్కర్లేదు. 36 అంగుళాలు ఉంచుకుని, మిగిలిన సన్నటి పట్టీని మెడకీ, చేతుల అంచులకీ పైపింగుకి వాడుకోవచ్చు. ప్యాంటుకి మాత్రం పాత చీర వద్దు. మోకాళ్ళ దగ్గరా కూర్చునే చోటా లాగుడు ఎక్కువ, నాలుగు రోజుల్లో చిరుగుతుంది. తెల్లటిదో, బిస్కెట్ రంగుదో ప్యాంటు ఒకటి కొనుక్కుంటే మూడు కుర్తాలకి సరిపోతుంది. మొత్తం ఖర్చు అక్కడే.

మంగళగిరి చీరలు కుర్తాలకి చక్కగా పనికొస్తాయి. ఒళ్ళంతా సాదాగా ఉండి అంచు ఒక్కటే జరీతో ఉంటుంది కాబట్టి ఆ అంచుని కుర్తా అడుగునా, చేతులకీ పెట్టుకుంటే వేరే లేసు కొనే పని లేదు. నారాయణపేట గళ్ళ చీరలు నిలువునా పెట్టి కుట్టించండి, లావుగా ఉన్నవాళ్ళకి కూడా బాగుంటాయి. పోచంపల్లి చీర అయితే డిజైన్ మధ్యలో కత్తెర పడకుండా చూసుకోవాలి. వక్షం మీద సగం పువ్వు, వీపు మీద సగం పువ్వు వస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

నైటీకి మూడు, మూడుంబావు మీటర్లు చాలు. కొలతలకి టేపు వెతుక్కోకండి. మీకు బాగా నప్పిన పాత నైటీని చీర మీద పరిచి చుట్టూ ఒకటిన్నర అంగుళం వదిలి గీసుకోండి. చంకల దగ్గర మాత్రం ఇంకాస్త వదులు పెట్టండి. చెమట పట్టి మొదట చిరిగేది అక్కడే. పాత బట్టని ఒంటికి పట్టేసినట్టు కుట్టించడం ఎప్పుడూ పొరపాటే.

ఏడెనిమిదేళ్ళ పాపకి పరికిణీ కుట్టాలంటే మా అత్తగారు నేర్పిన కిటుకు ఒకటుంది. చీరని తలకిందులు చేసేవారు! నడుం దగ్గర దాగి ఉన్న పై అంచు పరికిణీకి అడుగున వస్తుంది, అరిగిపోయిన అడుగు అంచు కత్తిరింపులో పోతుంది. 26 అంగుళాల పొడవు, రెండున్నర మీటర్ల చుట్టుకొలత ఉంటే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. నడుముకి జానెడు కింద లోపలివైపు రెండు టక్కులు వేసి ఉంచండి. వచ్చే వేసవికి పాప పొడుగవుతుంది, ఒక టక్కు విప్పితే సరి.

పసిపిల్లలకైతే తాతగారి పాత పంచెని మించింది లేదు. చెమటకాయలతో ఏడిచే బిడ్డకి లేసులూ, నెట్‌లూ ఉన్న గౌను తొడిగి ఫోటో తీసుకోవచ్చు గానీ నిద్ర పట్టదు. పంచె బట్టతో జుబ్బాలు కుట్టి, గుండీలు లేకుండా పక్కకి నాడాలు పెట్టండి. కుట్లు పైకి ఉండేట్టు తిరగేసి తొడిగినా తప్పు లేదు, లేత చర్మానికి అదే సుఖం.

కుట్టేటప్పుడు

ముందుగా నా తెలివితక్కువ సంగతి చెప్తాను. మొదటి కుర్తాకి కొత్త పాప్లిన్ లైనింగు కొని, తడపకుండా అలాగే వేసి కుట్టాను. పాత చీర ముడుచుకునేంత ముడుచుకుపోయి ఉంది, లైనింగు ఇంకా మొదలే పెట్టలేదు. మొదటి ఉతుక్కి లైనింగు లోపలికి లాగేసి కుర్తా అంతా ఎండిన వడియంలా తయారైంది. కొత్త లైనింగుని ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. అసలు వేసవి కుర్తాకి ఒళ్ళంతా లైనింగు ఎందుకు? వక్షం వరకూ వేస్తే చాలు.

మిషను సూది మార్చండి. మామూలుగా వాడే 16 నంబరు సూది మెత్తబడిన చీరలో చిల్లులు పెడుతుంది, 11 నంబరు పెట్టుకోవాలి. కుట్టు మరీ సన్నగా, దగ్గర దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు చుట్టూ ఉండే చిల్లుల వరసలా అయి, ఆ గీత మీదే చిరుగుతుంది. కాస్త పొడుగు కుట్టు వెయ్యండి. దారం కూడా నూలుదే మంచిది. పాలియెస్టర్ దారం గట్టిదే, ఆ గట్టిదనమే పాత బట్టని కోసేస్తుంది. రెండు రంగులు కలిపి కుట్టేముందు తడిపిన తెల్లగుడ్డతో ముదురు రంగు బట్ట మీద రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

మిషను లేనివాళ్ళు దర్జీకి ఇవ్వాలి. కొందరు దర్జీలు పాత బట్ట అనగానే మొహం చిట్లిస్తారు. మిషను కింద పిగిలితే మాట పడాల్సి వస్తుందని వాళ్ళ భయం. ఉతికి, ఇస్త్రీ చేసి, చివికిన చోట్లు గుర్తుపెట్టి, దాచకుండా చెప్పి ఇస్తే ఒప్పుకుంటారు. కుట్టుకూలి మాత్రం ముందే అడగండి. రెడీమేడ్ నైటీ ఖరీదుకి దగ్గరగా నైటీ కుట్టుకూలి అడుగుతుంటే ఆ చీరని దుప్పటిగా వాడుకోవడమే నయం. మెడ, చేతులు మాత్రం దర్జీతో వేయించి, పక్క కుట్లూ అడుగు మడతా ఇంట్లోనే వేసుకుంటే కూలి తగ్గుతుంది.

వెలిసిన తెల్లచీరలకి రంగు అద్దిద్దామనుకుంటున్నారా? బజారులో దొరికే మామూలు రంగు పొట్లాలు నూలుకి పడతాయి, పాలియెస్టర్‌కి పట్టవు. మరకలు పోవాలని బ్లీచింగులో ముంచకండి, ఉన్న జీవం కాస్తా పోతుంది. గంజి కూడా వేసవిలో పల్చగా, నీళ్ళల్లా ఉండాలి. అట్టలా గంజి పెట్టిన చీర అందంగా నిలబడుతుంది, గాలి మాత్రం ఆడదు.

మరి సింథటిక్ చీరలు? బీరువాల్లో సగం అవే. వాటితో నైటీలు కుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడకండి. నూలు కూడా అంటుకుంటుంది, కాదనను. కానీ నైలాన్, పాలియెస్టర్ కరిగి ఒంటికి అతుక్కుపోతాయి, గాయం ఘోరంగా ఉంటుంది. వాటిని మిషను మీదకో, మిక్సీ మీదకో కవర్లుగా, కూరల సంచులుగా మార్చెయ్యండి. నూలు చొక్కాలకి కాలరు అరిగితే విప్పి తిరగేసి కుట్టించుకోవడం మన నాన్నలు చేసిందే. మోచేతుల దగ్గర పోయిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసవికి హాఫ్ హ్యాండ్స్ అవుతుంది.

ఇంకో మాట. ఇంకా కట్టుకోదగ్గ చీరని ఫ్యాషను పేరు చెప్పి కత్తిరించకండి. అది పొదుపు కాదు. మీకు విసుగేస్తే కట్టుకునేవాళ్ళకి ఇవ్వండి. జరీ చీరలు కొంటామని ఇంటికొచ్చేవాళ్ళకి కూడా తొందరపడి ఇవ్వకండి. వాళ్ళు చూసేది జరీలో ఉన్న వెండిని. మీ చీర మీద వాళ్ళకి మోజేమీ ఉండదు. తెలిసిన కంసాలికి చూపించి ధర తెలుసుకున్నాకే బేరం.

"అందరికీ తెలిసిపోతుంది"

ఇంతా చేసి, అమ్మాయి వేసుకోవాలి కదా! నా మంగళగిరి ఆకుపచ్చ చీర తీసి "ఇది నీకు కుర్తా కుడతానే" అంటే మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. "పాత చీరని అందరికీ తెలిసిపోతుందమ్మా" అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నా చిన్నప్పుడు అక్క గౌన్లు వేసుకోమన్నప్పుడు నేనూ అదే ఏడుపు ఏడ్చాను. పాత బట్ట వేసుకోవడం కాదు బాధ, మనల్ని అడక్కుండా తొడిగెయ్యడం.

అందుకని ఈసారి కత్తెర దాని చేతికే ఇచ్చాను. మెడ ఎలా ఉండాలో, అంచు ఎక్కడ రావాలో అదే కాగితం మీద గీసింది. అంచుని అడుగున కాకుండా నిలువుగా, ఒక పక్కకి పెట్టమంది. నాకు నచ్చలేదు, నోరు మూసుకుని కుట్టాను. లైనింగు ముక్క, దారం, నాలుగు గుండీలు, ఇంతే ఖర్చు. కాలేజీకి వేసుకెళ్ళి వచ్చిన రోజు ఎవరేమన్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పదిహేను రోజుల తర్వాత చూస్తే నా బీరువా తలుపులు బార్లా తీసి, నేను పెళ్ళిళ్ళకి దాచుకున్న గద్వాల చీర కొలుస్తోంది! అప్పటినుంచి తాళంచెవి నా దగ్గరే ఉంటోంది.

కుట్లు అయ్యాక మిగిలిన ముక్కల్ని పారెయ్యకండి. ఒకదానిమీద ఒకటి పరిచి బొంత కుట్టుకోవచ్చు. పైనా కిందా మంచి ముక్కలు, మధ్యలో చివికినవి. బెంగాల్లో పాత చీరల పొరలు కలిపి సూదిపనితో కుట్టే కాంథాలు కూడా ఇలా పుట్టినవే. దేనికీ పనికిరాని నూలు పీలికలు వంటింట్లో మసిగుడ్డలు. గుండీలు, హుక్కులు ఊడదీసి పాత పౌడరు డబ్బాలో వెయ్యండి. అర్ధరాత్రి యూనిఫారానికి గుండీ కావాలన్నప్పుడు ఆ డబ్బా విలువ తెలుస్తుంది.

స్టీలు సామాన్లవాడు ఇప్పటికీ నెలకోసారి మా వీధిలోకి వస్తాడు. నా మూట విప్పి చూస్తే అన్నీ మావారి పాలియెస్టర్ ప్యాంట్లే. "నూలు చీరలేం లేవామ్మా?" అని అడిగాడు మొన్న. లేవన్నాను. గిన్నె ఇచ్చాడు గానీ, మూత ఇవ్వలేదు.