డిలీట్‌ కొట్టారు.. ఫోకస్‌ ఎటు పోయింది?

ఫ్రంట్‌ఎండ్‌ ఉద్యోగం కోసం టు-డూ లిస్ట్‌ ప్రాజెక్టు చేశారా? అయితే ఓసారి మౌస్‌ పక్కన పెట్టేయండి. ట్యాబ్‌ కీతో మూడో వరుసలోని ‘తొలగించు’ బటన్‌ వరకూ వెళ్లి ఎంటర్‌ నొక్కండి. వరుసతోపాటే ఆ బటనూ మాయమవుతుంది. దాని మీదున్న ఫోకస్‌ సాధారణంగా పేజీ బాడీకి జారిపోతుంది. మౌస్‌ వాడేవారికి ఇది పట్టదు. స్క్రీన్‌రీడర్‌తో వినేవారికి మాత్రం ఎక్కడున్నారో తెలీదు. అదే ఉద్యోగ దరఖాస్తు పేజీ అయితే? పొరపాటున పెట్టిన సర్టిఫికెట్‌ను తీసేసిన చూపులేని అభ్యర్థి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి రావచ్చు.

మరేం చేయాలి?

* తొలగించాక ఫోకస్‌ను తర్వాతి వరుస బటన్‌కు పంపండి. పోయింది చివరిదైతే, దాని పై వరుసకు.
* జాబితా ఖాళీ అయితే శీర్షికకు ట్యాబ్‌ఇండెక్స్‌ మైనస్‌ 1 ఇచ్చి, ఫోకస్‌ అక్కడ పెట్టండి.
* ‘తొలగించాం’ అన్న సంగతి లైవ్‌ రీజియన్‌ ద్వారా వినిపించాలి.

ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏతో పరీక్షించుకోండి. డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఫోకస్‌ క్రమం (2.4.3) ‘ఎ’ స్థాయిది, అంటే కనీస నిబంధన. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు చూపేటప్పుడు మౌస్‌ ముట్టకుండా నడిపించండి. మీ పనితనం అక్కడే తెలుస్తుంది.