క్యాను ఎత్తేవారి నడుము

పాడిగేదె కుంటితే ఆ పూటే పశువైద్యునికి కబురు పంపుతాము. సంఘంలో క్యానులెత్తే సహాయకుడు నడుము పట్టుకుని కూర్చుంటే మాత్రం "కాపడం పెట్టుకో, అదే పోతుంది" అంటాము. అతను మంచాన పడితే అతనికి కూలి పోతుంది; లారీకి పాలెక్కించే మనిషి లేక సంఘమూ ఇబ్బంది పడుతుంది.

నలభై లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు. క్యానుతో కలిపి 50 కిలోలకు దగ్గర. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తదగినది 23 కిలోలే. అంటే నిండు క్యానును ఇద్దరెత్తినా హద్దుకు కొంచెం పైనే!

బరువును ఎంత దూరాన పట్టుకున్నామన్నది మరీ ముఖ్యం. ఏతం ఎరిగిన రైతుకు ఇది కొత్త కాదు. వెన్నును నిలబెట్టే కండరాలు ఇరుసుకు సుమారు రెండంగుళాల దూరంలోనే ఉన్నాయి. బరువు అడుగున్నర దూరాన ఉంటే అవి దానికి తొమ్మిది రెట్లు లాగవలసి వస్తుంది. కనుక మోకాళ్ళు వంచి, క్యానును ఒంటికి ఆనించి ఎత్తవలెను. తిరగవలసి వస్తే నడుము మెలిపెట్టక, పాదాలు మార్చి తిరగాలి.

వేకువ పాలవేళ మరింత జాగ్రత్త అవసరం. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల నడుమ డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగి బరువెత్తితే అవి త్వరగా దెబ్బతింటాయి. కాసేపు అటూ ఇటూ నడిచి, ఖాళీ క్యానులు ముందు సర్దుకుని, నిండువాటిని తర్వాత పట్టుకోవడం మంచిది.

అమెరికాలో ఆటగాళ్ళకు దెబ్బలు తగలకుండా చూసే అథ్లెటిక్ ట్రైనర్లను కొన్ని సంస్థలు గోదాములలో, దుకాణాలలో నియమించుకున్నవి. పనివాడు వంగే తీరు చూడటం, సరుకుంచే ఎత్తు మార్పించడం, నొప్పి చిన్నదిగా ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవడం వారి పని. మన సంఘాలకు ట్రైనరు రాడు గాని, కార్యదర్శి కన్ను చాలు. లారీ మట్టానికి అరుగు కట్టించండి. బూత్‌లో ప్యాకెట్ల ట్రేలను భుజం ఎత్తు దాటి పేర్చనీయకండి.

నడుము బెల్టు కొనిపెడితే సరిపోదా అని అడిగేవారున్నారు. అమెరికాలో 160 దుకాణాలలో తొమ్మిది వేలకు పైగా పనివారిని పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితాలలో బెల్టు వల్ల నడుము దెబ్బలు తగ్గినట్లు కనబడలేదు. ఆ డబ్బు అరుగుకే పెట్టండి.

మామూలు నడుమునొప్పికి రోజుల తరబడి పడుకోనక్కరలేదు, మెల్లగా తిరగవచ్చు. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం బిగిసినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళవలెను.