మీ బిడ్డ ఎక్కే బస్సులో అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా?

మీ పాప, బాబు రోజూ ఎక్కే స్కూలు బస్సులో "అత్యవసర ద్వారం" అని రాసిన తలుపు ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా తెరిపించి చూశారా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల నుండి ఎంతోమంది పిల్లలు ఇలాంటి బస్సుల్లోనే బడికి వస్తున్నారు. కనుక తల్లిదండ్రులు ఈ నాలుగు మాటలు శ్రద్ధగా చదవండి.

1988 మే 14న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒక చర్చి పిల్లలు వెళ్తున్న బస్సును తాగి నడుపుతున్న ఒకాయన వాహనం ఢీకొట్టింది. ఆ బస్సు అంతకుముందు స్కూలు బస్సే. డీజిలు, పెట్రోలు ట్యాంకులు మనకు కనబడవు గానీ, ఆ బస్సు ట్యాంకు ముందు తలుపు పక్కనే ఉండేది. అది పగిలి మంటలు లేచి ముందు తలుపు మూసుకుపోయింది. మిగిలింది వెనుక తలుపు ఒక్కటే. సీట్ల మధ్య ఇరుకు దారిలో అందరూ ఒక్కసారిగా అటే తోసుకున్నారు. 27 మంది చనిపోయారు. ఢీకొన్న దెబ్బకు చనిపోయినవారు ఒక్కరూ లేరు, పొగ, మంటలే చంపాయి.

మన దగ్గరా ఇది కొత్త కాదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు మంటల్లో 45 మంది, అదే ఏడు డిసెంబరు 28న కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీలో 26 మంది, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర బస్సులో 19 మంది ప్రయాణికులు చనిపోయారు.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. పిల్లలు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కనుక త్వరగా స్పృహ తప్పుతారు. తలుపు కోసం వెదికే వ్యవధి వారికి ఉండదు.

అందుకే అమెరికాలో స్కూలు బస్సు అత్యవసర ద్వారానికి తాళం వేసి ఉంటే ఇంజను స్టార్టు కాకూడదని, గొళ్ళెం సరిగా పడకపోతే డ్రైవరు దగ్గర బజరు మోగాలని నియమం ఉంది. ఒక మోడల్‌లో అలా జరగడం లేదని తేలితే కంపెనీ ఆ బస్సులను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయాలి. దీన్నే రీకాల్ అంటారు. మన దేశంలోనూ 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 110-ఎ సెక్షన్ ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు.

అయితే ఆ ఉత్తరం వచ్చినా బస్సు యజమానికే వస్తుంది, మీకు రాదు. పైగా మన దగ్గర చాలా బస్సులకు ఛాసిస్ ఒకరిది, బాడీ కట్టేది మరొకరు. తర్వాత ఎవరో తలుపుకు అడ్డంగా ఇంకో సీటు బిగిస్తారు, స్టెప్నీ పెడతారు, గొళ్ళేనికి తీగ చుడతారు. ఏ కంపెనీ దీన్ని వెనక్కి పిలవదు!

కనుక బడి తెరిచిన వారంలోనే బస్సు ఆగి ఉన్నప్పుడు డ్రైవరును అడిగి ఆ తలుపు తెరిపించండి. లోపలి నుండీ, బయటి నుండీ తెరుచుకోవాలి. ఏడో తరగతి పిల్ల ఒంటరిగా పిడి తిప్పగలగాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే, అడ్డం ఉంటే ప్రధానోపాధ్యాయుడికి రాసి ఇవ్వండి, వినకపోతే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఇందులో మొగమాటం వద్దు. ఇంట్లో పిల్లలకూ చెప్పండి: సంచులు వదిలేయాలి, పొగ ఉంటే వంగి నడవాలి, తలుపు దగ్గర కూర్చుని జారి దిగాలి, దూకకూడదు.

పొగ పీల్చిన బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నా సరే, ఆస్పత్రికి తీసుకురండి. ముక్కులో మసి, బొంగురు గొంతు, దగ్గు ఉంటే 108కి వెంటనే ఫోను చేయండి. గొంతు కొన్ని గంటల తర్వాత వాచి ఊపిరి ఆగవచ్చు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను 98 చూపించినా నమ్మవద్దు, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది మంచి రక్తంగానే చూపిస్తుంది.