నూటికి మూడు రూపాయలు

మన బైరెడ్డిపల్లె ప్రాంతమున వేరుసెనగ వేయువారికిని, పట్టుగూళ్లు తీయువారికిని, టమాటా పండించువారికిని రాబడి ఎప్పుడో యొకప్పుడు వచ్చును. ఖర్చు మాత్రము దినదినము నుండును. ఈ రెంటినడుమ సందుననే అప్పు ఇల్లు చొచ్చుచున్నది.

"నూటికి మూడు" అనగా వినుటకు స్వల్పమే. బ్యాంకువారు "నూటికి తొమ్మిది" యన్నచో అధికమని తోచును. కాని తొమ్మిది ఏడాదికి. మూడు నెలకు, అనగా ఏడాదికి ముప్పదియాఱు! పదివేల అప్పునకు నెలకు 300 చొప్పున ఏడాదిలో 3,600 రూపాయలు వడ్డీ కట్టినను, అసలు తరుగదు. కట్టక వడ్డీకి వడ్డీ పెరుగనిచ్చినచో రెండేండ్లకే అప్పు రెట్టింపగును.

ఆ 300 రూపాయలనే నెలనెల ముందుగా దాచినచో ఏడాదికి 3,600 రూపాయలు మనయొద్దనే నిలుచును. దాచుటకు తావులు లేకపోలేదు. తపాలా పొదుపు బ్యాంకు మన దేశమున 1882లో వెలసెను. రైతును అధికవడ్డీనుండి కాపాడుటకై సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను. నేడు స్త్రీల పొదుపు సంఘములును గలవు. పాలడబ్బు చేతికందిన నాడే, అంగడికి పోకమునుపే, కొంత తీసి వేరుంచవలయును.

పొదుపనగా కడుపు మాడ్చుకొనుట కాదు. జబ్బు వచ్చినపుడు అప్పు చేసినవారిని నిందింపరాదు. అట్టి దినమునకే యీ దాపుడు.

విద్యార్థులారా! చక్రవడ్డీ లెక్క మీరు బడిలో నేర్చినదే. ఇంట అప్పుమాట వచ్చినపుడు "వడ్డీ నెలకా, ఏడాదికా?" యని యడుగుడు. ఆ లెక్క కాగితముపై వేసి మీ అమ్మానాయనలకు చదివి వినిపింపుడు.