మొదటి బంతా? రెండో బంతా?

ఓడ టికెట్టు కొనేటప్పుడు కేబిన్ గురించి మా అమ్మాయి పది రోజులు ఆలోచించింది. బాల్కనీ ఉండాలా, కిటికీ చాలా, ఊగడం తక్కువగా ఉండే నడిమి భాగంలో దొరుకుతుందా అని ఫోన్ల మీద ఫోన్లు. అన్నీ తేలాక చివర్లో ఒక చిన్న ప్రశ్న మిగిలింది. రాత్రి భోజనం ఐదూ ముప్పావుకా, ఎనిమిదింపావుకా? ‘‘మీరు పెందలాడే తింటారుగా నాన్నా’’ అంటూ మొదటిది నొక్కేసింది. అంత ఆలోచించి తీసుకున్న బాల్కనీలో మేం కూర్చున్నది రోజుకో గంట. అర నిమిషంలో తేల్చేసిన భోజన వేళ సంగతి మాత్రం పద్నాలుగు రోజులూ మా నిద్రనీ, నడకనీ, స్నేహాలనీ శాసించింది.

ఫ్లోరిడాలో అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉండి తిరిగొస్తున్న ప్రయాణం అది. ఏప్రిల్ మూడో వారంలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఓడెక్కాం. అట్లాంటిక్ దాటి, పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల మీదుగా బార్సిలోనా చేరి, అక్కణ్నుంచి హైదరాబాద్‌కి విమానం. చలికాలమంతా కరీబియన్‌లో తిరిగిన ఓడలు వేసవి కోసం మధ్యధరా సముద్రానికి తరలిపోయే రోజులవి. ఎలాగూ వెళ్లాల్సిన ఓడ కాబట్టి రోజు లెక్కన చూస్తే టికెట్టు చవకే. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు షెంగెన్ వీసా మాత్రం ముందే చేతిలో పెట్టుకోవాలి.

ఓడ వాళ్లు ‘సీటింగ్’ అనేదాన్ని మనం బంతి అంటాం. పెళ్లింట్లో వెయ్యి మంది చుట్టాలుంటారు, పందిట్లో నాలుగు వందల విస్తళ్లే పడతాయి. మొదటి బంతి లేచాక ఆకులెత్తి, నీళ్లు చల్లి, రెండో బంతి వేస్తారు. ఓడలోనూ కారణం అదే. ఎక్కిన వాళ్లందరినీ ఒకేసారి కూర్చోబెట్టేంత భోజనశాల కడితే కేబిన్లకు చోటు మిగలదు. వంటశాల కూడా ఒకేసారి రెండు మూడు వేల ప్లేట్లు వేడివేడిగా పంపలేదు. అందుకే సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య ఒక బంతి, ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ఇంకొకటి. 1912లో టైటానిక్ మూడో తరగతి భోజనశాలలో 473 కుర్చీలుండేవి. ఆ తరగతిలో వెయ్యి మందికి పైగా ప్రయాణించే ఏర్పాటుంది. వాళ్లకూ రెండు బంతులే. న్యూయార్క్, సౌతాంప్టన్‌ల మధ్య తిరిగే క్వీన్ మేరీ 2లో, ప్రధాన భోజనశాల బ్రిటానియాలో ఈనాటికీ ఆరింటికొకటి, ఎనిమిదిన్నరకొకటి.

ఒక బంతి ఎంచుకున్నామంటే ఒక బల్లని, ఒక వెయిటర్‌ని, చుట్టూ కూర్చునే నలుగురైదుగురు కొత్తవాళ్లని కూడా ఎంచుకున్నట్టే. ప్రయాణం ముగిసేదాకా రోజూ అదే కుర్చీ, అవే ముఖాలు. ఈ మాట వినగానే మనవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గుతారు. తెలియని వాళ్లతో ఇంగ్లిషులో ఏం మాట్లాడతాం, ఫోర్కు ఏ చేత్తో పట్టుకుంటాం, ఏ వంటకంలో ఏం మాంసం ఉందో ఎలా అడుగుతాం? ఆ భయంతో పై డెక్కులోని బఫేకి వెళ్లిపోయి, పద్నాలుగు రోజులూ ట్రే పట్టుకుని తిరుగుతారు. భయం కొత్తదేమీ కాదు. 1888లో లండన్‌కు ఓడెక్కిన పద్దెనిమిదేళ్ల మోహన్‌దాస్ గాంధీ సరిగ్గా ఈ కారణాలతోనే భోజనాల బల్ల దగ్గరికి వెళ్లలేదు. కత్తీ ఫోర్కూ వాడటం రాదు, ఏ వంటకంలో మాంసం లేదో అడిగే ధైర్యం లేదు. వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లతోనే కేబిన్‌లో కాలం గడిపానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ కుర్రవాడికి ఎవరైనా ఒక్కరు పక్కన కూర్చుని ఇది తిను, ఇది వద్దు అని చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పేవాళ్లున్నారు. హెడ్ వెయిటర్‌కి మొదటి రోజే చెబితే రేపటి మెనూ ఈ రాత్రే తెచ్చి చూపించి, గుడ్డు లేనివేవో, చేప తగలనివేవో గుర్తులు పెట్టి ఇస్తాడు. చాలా ఓడల్లో ముందురోజు అడిగితే భారతీయ శాకాహారం విడిగా వండి పెడతారు. ఆ మర్యాద రోజుకో బల్ల మారే వాళ్లకి అంత తేలిగ్గా అందదు.

తూర్పుకు వెళ్తే ఒక లెక్క, పడమటికి వెళ్తే ఇంకో లెక్క

ఇక అసలు విషయం. టికెట్టు అమ్మేవాళ్లెవరూ మాకు చెప్పనిది, మూడో రోజుకి మా ఒంటికే తెలిసొచ్చినది.

ఫ్లోరిడాకీ బార్సిలోనాకీ వేసవిలో ఆరు గంటల తేడా. విమానంలో అయితే ఆ ఆరు గంటలూ ఒక్క రాత్రిలో మింగేస్తాం. ఓడ వాటిని ఒక్కొక్కటిగా వడ్డిస్తుంది. మా ఓడ 16, 17 నాట్ల వేగంతో రోజుకు 400 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 740 కిలోమీటర్లు తూర్పుకు జరిగేది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా, ఆ లెక్కన నిన్నటికంటే ఇవాళ సూర్యుడు సుమారు అరగంట ముందే అస్తమిస్తాడు. రెండు రోజులు గడిచేసరికి గంట తేడా వస్తుంది. అప్పుడు కెప్టెన్ రాత్రి రెండింటికి గడియారాన్ని మూడు చేస్తాడు. అజోర్స్ చేరేలోపు ఇలా నాలుగు సార్లు, అక్కణ్నుంచి స్పెయిన్ చేరేలోపు ఇంకో రెండు సార్లు. అంటే పద్నాలుగు రోజుల్లో ఆరు రోజులకు 23 గంటలే.

గంట పోయిన రోజున మొదటి బంతి ఏమవుతుందో చూడండి. గోడ మీద గడియారం ఐదూ ముప్పావు అంటుంది, కడుపు ఇంకా నాలుగూ ముప్పావు దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నది ఒంటి లెక్కలో పన్నెండుకు తిన్నట్టే అనుకున్నా, ఓడ మీద నడక తక్కువ, తిండి ఎక్కువ. టీ వేళకి సూపు ముందు కూర్చోవాల్సి వచ్చేది. మొదటి గంట పోయిన రాత్రి మా ఆవిడ ప్లేటు ముట్టుకున్నట్టే ముట్టుకుని పక్కన పెట్టేసింది. తీరా రాత్రి పదింటికి ఆకలేసి బఫేకి బయల్దేరాం. ఆవిడకి షుగర్ ఉంది, సాయంత్రం మాత్ర భోజనంతో ముడిపడింది. మాత్ర వేసుకుని తినకపోవడం, తర్వాత వేళ కాని వేళ తినడం నాకు నిజంగా భయం పుట్టించాయి. మందులు వాడే వాళ్లు ఎవరైనా సరే, బయల్దేరే ముందే గడియారం మార్పుల పట్టికను డాక్టరుకు చూపించి వేళలు రాయించుకోవాలి. మేం ఆ పని చేయలేదు.

రెండో బంతిలో కూర్చునేవాళ్లకి అదే రోజు ఎనిమిదింపావు అంటే ఒంటికి ఏడుంపావు. హాయిగా ఆకలేసే వేళ. పదింటికి లేస్తే ఒంటికి తొమ్మిదే.

పడమటికి వెళ్తుంటే ఈ లెక్కంతా తిరగబడుతుంది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 ఏడు రాత్రుల ప్రయాణంలో ఐదుసార్లు గడియారాన్ని వెనక్కి తిప్పుతుంది. దాదాపు రోజూ 25 గంటలు. ఎనిమిదిన్నర బంతి ఒంటికి తొమ్మిదిన్నర అవుతుంది. లేచేసరికి పదకొండున్నర దాటినట్టుంటుంది. మెతుకు గొంతు దిగకముందే కళ్లు మూతలు పడతాయి. ఆరింటి బంతి మాత్రం సరిగ్గా ఏడింటి ఆకలికి అందుతుంది. అందుకే నా మాట ఇది: సముద్రం మీద రోజుల తరబడి పడమటికి వెళ్లేవాళ్లు మొదటి బంతి తీసుకోండి, తూర్పుకు వెళ్లేవాళ్లు రెండో బంతి తీసుకోండి. ఇంట్లో ఎన్నింటికి తింటాం అన్నదాన్ని బట్టి కాదు, ఓడ ముఖం ఎటు తిరిగి ఉంది అన్నదాన్ని బట్టి.

చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ సూత్రం పక్కన పెట్టాల్సిందే. ఎనిమిదింపావుకు మొదలై నాలుగు దఫాలుగా, గంటన్నర పైగా సాగే భోజనంలో ఐదేళ్ల పిల్లాడిని కూర్చోబెట్టడం వాడికి శిక్ష. రోజుకో రేవు తగిలే ప్రయాణమైతే మళ్లీ రెండో బంతే మేలు. ఊరంతా తిరిగి సాయంత్రం ఐదింటికి ఓడ చేరి, చెమట బట్టలతో పరుగెత్తుకెళ్లి కూర్చుంటే, ఓడ రేవు విడిచే దృశ్యం అందదు. తాళ్లు విప్పడం, పైలట్ పడవ పక్కన రావడం, ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలగడం, ఇవన్నీ డెక్కు మీద నిలబడి చూడాల్సినవి. గోడ వైపు కుర్చీ పడితే ఏమీ కనిపించదు.

నాటకశాల గురించి దిగులక్కర్లేదు. ఆటలు రెండు వేస్తారు, ఏ బంతి వాళ్లకి వీలైన ఆట వాళ్లకి ఉంటుంది.

వడ్డించేవాడు

నాలుగో రోజు పొద్దున్నే భోజనశాల మేనేజరు దగ్గరికి వెళ్లాను. బంతి మార్చుకోవాలనుకునే వాళ్లు నిజానికి ఓడెక్కిన మధ్యాహ్నమే వెళ్లాలి. అప్పుడైతే ఆయన పట్టికలన్నీ ముందేసుకుని ఇందుకోసమే కూర్చుంటాడు. దీర్ఘ ప్రయాణాల్లో పెద్దవయసు వాళ్లు ఎక్కువ, మొదటి బంతికి గిరాకీ ఎక్కువ. కాబట్టి మేం ఖాళీ చేస్తున్న రెండు కుర్చీల కోసం అప్పటికే ఎదురుచూస్తున్న వాళ్లున్నారు. ఆ రాత్రే ఆరుగురు కూర్చునే గుండ్రబల్ల ఇచ్చారు.

కెనడాలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ, ఆమె భర్త. ఇంగ్లండు నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్లు, ఇద్దరికీ డెబ్భై దాటాయి. మేమిద్దరం. మొదటి రాత్రి వాతావరణం గురించీ, మనవల గురించీ మాట్లాడుకున్నాం. నాలుగో రాత్రికి నర్సమ్మ మా ఆవిడ మాత్రల డబ్బా తెప్పించి చూసి, ఓడ గడియారం ప్రకారం ఏది ఎప్పుడో కాగితం మీద రాసిచ్చింది. ఓడలోని డాక్టరుకి కూడా ఒకసారి చూపించమంది, చూపించాం. మొదటి బంతి బల్ల దగ్గర ఇంత దాకా రాలేదు. అక్కడి మనుషులు మంచివాళ్లు కాక కాదు. ఏడున్నరకల్లా గది ఖాళీ చేయాలి, బల్లల మీది గుడ్డలు మార్చాలి, చెంచాలు సర్దాలి. లెమ్మని ఎవరూ అనరు కానీ పక్క బల్లల మీద గ్లాసుల చప్పుడు మొదలైతే మాట సగంలో ఆగిపోతుంది. రెండో బంతి వెనక మూడో బంతి లేదు.

అయితే ఒకటి మరిచిపోకూడదు. రెండు బంతులకీ వడ్డించేది ఆ వెయిటర్లే. మా బల్ల చూసిన గోవా కుర్రాడు పొద్దున టిఫిన్ల దగ్గరా ఉండేవాడు, రాత్రి పదకొండుకు బల్లలు తుడుస్తూనూ ఉండేవాడు. మనం కబుర్లలో పడి పది దాటినా కదలకపోతే అది అతని నిద్రలోంచి పోతుంది. అది తెలిశాక మేం ఆరుగురం పదింటికి కచ్చితంగా లేచి, మిగతా మాటలు పై డెక్కులో మాట్లాడుకునేవాళ్లం.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు మనవాళ్లు. బంధుప్రీతిని ఎత్తిపొడవడానికి వాడే సామెత అది. ఓడ మీద దానికి వేరే అర్థం కనిపించింది. అతను మాకు ఏమీ కాడు, తెలుగు రాదు. వారం తిరిగేసరికి మనవాడయ్యాడు. పచ్చిమిరపకాయలు తరిగి చిన్న గిన్నెలో పెట్టడం అడగకుండానే మొదలైంది. ఇంట్లో వండినవి ఓడెక్కించకూడదని చాలా కంపెనీల్లో నియమం, కాబట్టి ఆవకాయ సీసా అమ్మాయి దగ్గరే ఉండిపోయింది. ఆ లోటు అతను నిమ్మకాయ ఊరగాయతో పూడ్చాడు. ఇక అందరూ ఐస్‌క్రీమూ కేకూ తింటుంటే, మా ఇద్దరికీ ఒక కప్పు మెత్తటి అన్నం, ఒక కప్పు తియ్యదనం లేని పెరుగు, చిటికెడు ఉప్పు. ఆరో రోజునుంచి మెనూ చూపించడం మానేసి, చివర్లో మీకు ఇదేగా అన్నట్టు తల ఊపేవాడు.

ఇప్పుడు బంతులు వద్దనుకునే ఏర్పాటూ ఉంది. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ‘ఫ్రీస్టైల్’ పేరుతో ఎప్పుడొస్తే అప్పుడే తినే పద్ధతి తెచ్చింది. తర్వాత మిగతా కంపెనీలూ ఏదో ఒక పేరుతో దాన్ని పక్కన చేర్చుకున్నాయి. మూడు నాలుగు రాత్రుల ప్రయాణానికి అది చాలు. 2022లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు తిరిగింది, 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా వచ్చింది. అలాంటి పొట్టి ప్రయాణాల్లో ఏ బంతి అయినా ఒకటే. వడ్డించేవాడి పేరు తెలిసేలోపే దిగిపోతాం. రెండు వారాలు దాటిన ప్రయాణానికి మాత్రం నేను కుర్చీ స్థిరంగా ఉండాలంటాను.

చివరి రాత్రి స్పెయిన్ వాళ్ల మయోర్కా దీవిలోని పాల్మా రేవు నుంచి బయల్దేరాం. పెట్టెలన్నీ సర్ది తలుపు బయట పెట్టేసి, కట్టుకున్న బట్టలతో భోజనానికి వెళ్లాం. మే మొదట్లో అక్కడ ఎనిమిదీ నలభైకి గానీ పొద్దు గుంకదు. సూపు ముందు కూర్చున్నప్పుడు కిటికీ నిండా నారింజ వెలుగు, ప్లేట్లు మార్చేసరికి నీలం. ఇంగ్లండు ముసలాయన ఇన్నాళ్లుగా మా కప్పుల వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ రాత్రి కుర్రాడిని పిలిచి, తనకూ అదే కావాలన్నాడు. అతను లోపలికి వెళ్లి ఆరు కప్పులతో వచ్చాడు.