ఖాళీ ట్యాంకు

మరాఠ్వాడాలోను, తెలంగాణలోను పూర్వం జొన్నలను పాతరల్లో దాచేవారు. పాతర అంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. మరాఠీలో దీన్ని పేవ్ అంటారు. అడుగున, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, నోరు మూసి పైన మట్టి కప్పేవారు. లోపలి గింజలు గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా వాడుకొని కార్బన్ డయాక్సైడును వదులుతాయి. ఆ గాలిలో పురుగు బతకదు కాబట్టి గింజ చెడదు. అయితే పురుగు బతకని చోట మనిషి కూడా బతకడు. అందుకే పాతర తెరవగానే ఎవరూ లోపలికి దిగేవారు కాదు. కొంతసేపు నోరు తెరిచి ఉంచి, తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిపోతే దిగరాదని అర్థం. కొలిచే పరికరాలు లేని రోజుల్లో రైతులకు తెలిసిన పరీక్ష అది.

ఇప్పుడు పాతరలు అరుదైపోయాయి. కాని నేల కింద నిల్వ చేసే పద్ధతి పోలేదు. నాందేడ్ జిల్లాలోని భోకర్ నుంచి నాందేడ్ వైపు వెళ్ళినా, భైంసా వైపు వెళ్ళినా దారిలో పెట్రోలు పంపులు కనిపిస్తాయి. ఆంధ్ర, తెలంగాణలలో వీటిని బంకులని కూడా అంటారు. ఏ పేరుతో పిలిచినా జనం చూసేది పైనున్న యంత్రాన్నే. అసలు సరుకు మాత్రం కాళ్ళ కింద, మట్టిలో పాతిన ఉక్కు ట్యాంకులో ఉంటుంది. ఈ పాతరలోకి దీపం దించితే ఆరిపోదు, పేలుతుంది. పాతరలో ప్రాణం కాపాడిన పరీక్ష ఇక్కడ ప్రాణం తీస్తుంది. కంటికి కనబడని ఈ చోటును గురించి చట్టం కొన్ని మాటలను ఏర్పరచింది.

మన దేశంలో పెట్రోలియం చట్టం 1934లో వచ్చింది. దాని కింద ఇప్పుడు అమలులో ఉన్నవి 2002 నాటి నియమాలు. వీటిని అమలు చేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకు ప్రధాన కార్యాలయం మహారాష్ట్రలోనే, నాగపూర్‌లో ఉంది. దాని లైసెన్సు లేకుండా బంకు ట్యాంకులో పెట్రోలు నింపడానికి వీల్లేదు.

చట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఫ్లాష్ పాయింట్. ద్రవం తనంతట తాను మండదు. దాని నుంచి లేచే ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నిప్పు చూపగానే ఒక్కసారి భగ్గుమనేంత ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర లేస్తుందో అదే ఆ ద్రవం ఫ్లాష్ పాయింట్. అది 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే ఆ ద్రవం ఎ తరగతికి చెందుతుంది. 23 నుంచి 65 లోపు ఉంటే బి తరగతి, 65 నుంచి 93 లోపు ఉంటే సి తరగతి. పెట్రోలు ఫ్లాష్ పాయింట్ సున్నాకు సుమారు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంటే మంచు కురిసే దేశంలో కూడా పెట్రోలు నుంచి మండగల ఆవిరి లేస్తూనే ఉంటుంది. డీజిలు బి తరగతిలోనిది. దాని ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలకు తగ్గకూడదని ప్రమాణం. మరాఠ్వాడాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, ఎండలో నిలిపిన డీజిలు డబ్బాను బి తరగతి కదా అని తేలికగా తీసుకోరాదు. నేల లోపల ఇంత వేడి ఉండదు. ట్యాంకులను పాతిపెట్టడానికి అదొక కారణం.

బంకులో ఒక మూలన సన్నని గొట్టాలు నిటారుగా నిలిచి ఉంటాయి. వాటి పేరు వెంట్ పైపులు. ట్యాంకులో పెట్రోలు పోసేటప్పుడు లోపలి ఆవిరి వీటి గుండా బయటికి పోతుంది, తోడేటప్పుడు గాలి లోపలికి వస్తుంది. గొట్టం కొనకు సన్నని లోహపు వలను రెండు పొరలుగా బిగించాలని నియమం. వల కన్నాల గుండా ఆవిరి పోతుంది గాని మంట పోలేదు. లోహం మంట వేడిని పీల్చి చల్లబరుస్తుంది. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గు గని కార్మికుల కోసం తయారుచేసిన దీపంలో ఉన్నది కూడా ఈ ఉపాయమే.

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోక నేల వెంట పాకి కాలువల్లోకి, గుంటల్లోకి చేరుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు బడికి 50 మీటర్ల దూరంలో ఉండాలి. చోటు చాలకపోతే అదనపు జాగ్రత్తలతో ఆ దూరాన్ని తగ్గించవచ్చు గాని 30 మీటర్ల లోపు మాత్రం పనికిరాదు.

ట్యాంకుకు చిల్లు పడితే ఎలా తెలుస్తుంది? దీనికి పాత సాధనం డిప్ రాడ్. ఇది గుర్తులు గీసిన పొడవాటి కడ్డీ. దాన్ని ట్యాంకులోకి దించి, తడిసిన ఎత్తును బట్టి ఎన్ని లీటర్లు ఉన్నాయో పట్టికలో చూస్తారు. ఉదయం 9,000 లీటర్లు ఉండి, పగలు 2,000 లీటర్లు అమ్మితే సాయంత్రానికి 7,000 ఉండాలి. కడ్డీ 6,950 చూపితే ఆ 50 లీటర్లు ఏమైనట్టు? ఒక్కరోజు తేడాతో చిల్లు పడిందని చెప్పలేరు. 10 డిగ్రీల తేడాకు 10,000 లీటర్ల పెట్రోలు సుమారు 100 లీటర్లు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. రోజూ అదే వైపు తేడా వస్తుంటే మాత్రం అనుమానించాలి. ఇప్పుడు చాలా చోట్ల ఈ పని యంత్రాలు చేస్తున్నా, లెక్క మారలేదు. కారిన పెట్రోలు మట్టిలోకి ఇంకి బావి నీటిలో కలిస్తే దాన్ని శుభ్రం చేయడానికి ఏళ్ళు పడుతుంది.

ఇన్ని మాటల్లో చాలా ప్రమాదకరమైనది మరొక మాట. అది ఖాళీ. ట్యాంకులో పెట్రోలంతా తోడేస్తే అది ఖాళీ అయిందని అంటారు. అది ద్రవానికి సంబంధించినంతవరకే నిజం. పెట్రోలు ఆవిరి గాలిలో వందకు సుమారు 1.4 పాళ్ళ నుంచి 7.6 పాళ్ళ వరకు ఉన్నప్పుడు పేలుతుంది. పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకులో పైనున్న కొద్దిపాటి చోటులో ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది. మండడానికి తగినంత గాలి ఉండదు. తోడేసి మూత తెరిస్తే గాలి చొరబడుతుంది. అడుగున ఒక లీటరు పెట్రోలు మిగిలిందనుకుందాం. అది పూర్తిగా ఆవిరైతే సుమారు 190 లీటర్ల ఆవిరి అవుతుంది. 10,000 లీటర్ల ట్యాంకులో అది వందకు 1.9 పాళ్ళు. ఇక ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ మాట చేసే మోసాన్ని అమెరికాలో బెంజమిన్ లీ వోర్ఫ్ గమనించాడు. ఆయన అగ్నిప్రమాదాల బీమా సంస్థలో ఉద్యోగి, భాషాశాస్త్రవేత్త కూడా. నిండు పెట్రోలు డ్రమ్ముల దగ్గర జాగ్రత్తగా మసలే మనుషులు ఖాళీ డ్రమ్ముల దగ్గర నిర్లక్ష్యంగా సిగరెట్లు కాలుస్తున్నారని 1941లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. వారికి ఆ ధైర్యమిచ్చింది ఖాళీ అన్న మాటేనని ఆయన అభిప్రాయం. పాత డ్రమ్మును గ్యాస్ కట్టరుతో కోసి నీటి పీపా చేయబోయి చనిపోయినవారిని మోసగించింది కూడా ఇదే మాట.

అందుకే నియమాలలో ఖాళీ అన్నది చాలదు. మనిషి ట్యాంకులోకి దిగాలన్నా, వెల్డింగు వంటి పని చేయాలన్నా అది గ్యాస్ ఫ్రీ అని, అంటే మండే ఆవిరి లేనిదని, పరికరంతో పరీక్షించి అర్హత గలవారు రాసివ్వాలి. ఊపిరికి తగినంత ఆక్సిజన్ ఉందో లేదో కూడా కొలవాలి. ఆ కాగితం మరునాటికి పనికిరాదు. ట్యాంకు గోడ తుప్పు పొరల్లోను, అడుగు బురదలోను దాగిన పెట్రోలు ఎండ వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. ఉదయం గ్యాస్ ఫ్రీ అనిపించుకున్న ట్యాంకు మధ్యాహ్నానికి అలా ఉండకపోవచ్చు. భోజనానికి పైకి వచ్చిన పనివారు తిరిగి దిగేముందు లోపలి గాలిని మళ్ళీ కొలుస్తారు.